సంతకం పెట్టకముందే మా జవాన్లను పలకరించండి: సైనిక సంక్షేమ శాఖలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సైనిక సంక్షేమ శాఖల డైరెక్టర్లకు, రెండు రాష్ట్రాల జిల్లా సైనిక సంక్షేమ అధికారులకు నమస్కారం.

నేను సైన్యంలో సమాచార వ్యవస్థ చూసే కోర్ ఆఫ్ సిగ్నల్స్‌లో హవల్దారుగా చేసి పెన్షన్ మీద ఇంటికొచ్చాను. మాది శ్రీకాకుళం జిల్లా. ఇప్పుడు బ్యాంకులో క్లర్కుగా పనిచేస్తున్నాను. సర్వీసులో ఉన్న జవాను అనుమతి లేకుండా తన నౌకరీ గురించి పత్రికలకు రాయకూడదు. ఆ రూలు ఉండాల్సిందే. కాబట్టి బయటకొచ్చినవాళ్ళమే రాయాలి.

మా ఊళ్ళకు సెలవు మీద వచ్చే కుర్రాళ్ళలో పద్నాలుగు, పదిహేనేళ్ళ సర్వీసు దాటినవాళ్ళంతా నన్ను అడిగేది ఒక్కటే: "అన్నా, ఉండమంటావా, వచ్చెయ్యమంటావా?" వాళ్ళు ఈ మాట నన్ను అడుగుతున్నారు, వాళ్ళ యూనిట్‌లో సీనియర్‌ను అడుగుతున్నారు, బావమరిదిని అడుగుతున్నారు. మిమ్మల్ని మాత్రం అడగడం లేదు. ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే. జవాను మీ ఆఫీసు మెట్లెక్కేది డిశ్చార్జ్ బుక్కు చేతికొచ్చాక. ఐడీ కార్డు కోసం వస్తాడు, ఉద్యోగానికి పేరు నమోదు చేయించుకోవడానికి వస్తాడు, పిల్లల స్కాలర్‌షిప్ ఫారం మీద సంతకానికి వస్తాడు. అప్పటికి అసలు నిర్ణయం ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ఎక్కడో జోధ్‌పూర్‌లోనో తేజ్‌పూర్‌లోనో, కంపెనీ ఆఫీసులో క్లర్కు ముందు నిలబడి, ఒక కాగితం మీద సంతకం పెట్టేసి ఉంటాడు.

ఆ కాగితం సంగతి మీకు తెలుసు. ఇది చదివే మామూలు జనం కోసం కొంచెం వివరంగా చెబుతాను. పదిహేనేళ్ళు నిండితే జవానుకు పెన్షన్ హక్కు వస్తుంది. ఎంతకాలం ఉండొచ్చన్నది ర్యాంకును బట్టి ఉంటుంది. సిపాయికి పదిహేడేళ్ళు, నాయక్‌కు ఇరవై రెండు, హవల్దారుకు ఇరవై నాలుగు. దాని మీద రెండేళ్ళ ఎక్స్‌టెన్షన్. అది అడిగినవాళ్ళందరికీ రాదు. మెడికల్ కేటగిరీ, క్రమశిక్షణ రికార్డు చూసి స్క్రీనింగ్ బోర్డు తేలుస్తుంది. ఎత్తైన కొండల్లో చేసి బీపీతో దిగినవాళ్ళు చాలామంది అక్కడే ఆగిపోతారు. బోర్డు కన్నా ముందే జవాను విల్లింగ్ (ఉంటాను) అనో అన్‌విల్లింగ్ (ఉండను) అనో రాసివ్వాలి. అది సర్వీసు కాగితాలు ఉండే రికార్డ్ ఆఫీసుకు చేరాక దాన్ని వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. ప్రమోషన్ కేడర్‌కు, అంటే పై ర్యాంకుకు అర్హత ఇచ్చే కోర్సుకు, వెళ్ళాలా వద్దా అన్నది కూడా ఇలాంటిదే. ర్యాంకు పెరిగితే ఉండే కాలమూ పెరుగుతుంది, బయటకొచ్చే వయసూ పెరుగుతుంది.

అంటే పద్దెనిమిది, ఇరవై ఏళ్ళకు చేరిన కుర్రాడు ముప్పై నాలుగు నుంచి నలభై ఐదు లోపు రెండు మూడు సార్లు తన జీవితాన్ని తిరగరాసుకునే సంతకం పెడతాడు. ఆ వయసులో బయట ఉద్యోగం చేసేవాడు కూడా కంపెనీ మారాలా వద్దా అని ఆలోచిస్తాడు, నిజమే. కానీ అతను నచ్చకపోతే ఇంకో కంపెనీకి మారొచ్చు, మళ్ళీ వెనక్కి కూడా రావొచ్చు. మా జవానుకు వెనక్కి వచ్చే దారి దాదాపు లేదు.

ఇప్పుడు డబ్బు లెక్క చూద్దాం. ఏడో పే కమిషన్ ప్రకారం ఒక హవల్దారు బేసిక్ 42,800 రూపాయలు అనుకుందాం. మిలిటరీ సర్వీస్ పే 5,200 కలిపితే 48,000. అందులో సగం, అంటే 24,000 అతని బేసిక్ పెన్షన్. రెండేళ్ళు ఎక్కువ ఉంటే రెండు ఇంక్రిమెంట్లతో బేసిక్ 45,400 అవుతుంది, పెన్షన్ 25,300. నెలకు తేడా 1,300 రూపాయలు, దాని మీద డీఆర్, అంటే కరువు భృతి. యూనిట్లలో ఎక్కువగా జరిగే చర్చ ఈ తేడా గురించే. నా దృష్టిలో అసలు లెక్క ఇది కాదు. ఆ రెండేళ్ళూ లోపల ఉంటే పూర్తి జీతం వస్తుంది. బయటకొస్తే పెన్షన్, దానితోపాటు కొత్త ఉద్యోగం జీతం వస్తుంది. రెండో లెక్కే పెద్దది, ఉద్యోగం దొరికితే. ఆ "దొరికితే" అన్న మాట మీదే మొత్తం ఆధారపడి ఉంది. దాని గురించి జవానుకు నమ్మకంగా చెప్పగలిగింది సైన్యం కాదు, మీరు. ఉద్యోగాలు ఇచ్చేది, నోటిఫికేషన్లు వేసేది, సర్టిఫికెట్లు తనిఖీ చేసేది రాష్ట్రంలోని ఆఫీసులే.

తెలియక నష్టపోయే చోట్లు చాలా ఉన్నాయి. కొన్నింటిని నా కళ్ళముందు జరిగినవాటిని బట్టే చెబుతాను.

మొదటిది ఓఆర్‌ఓపీ, అంటే వన్ ర్యాంక్ వన్ పెన్షన్. ఒకే ర్యాంకు, ఒకే సర్వీసు ఉన్నవాళ్ళకు ఎప్పుడు రిటైరైనా ఒకే పెన్షన్ అనే ఈ పద్ధతి 2014 జులై 1 నుంచి అమల్లో ఉంది. ఐదేళ్ళకోసారి సవరిస్తున్నారు. 2019 జులై 1 నుంచి వర్తించేలా ఒకసారి, 2024 జులై 1 నుంచి వర్తించేలా ఇంకోసారి సవరణ వచ్చింది. అయితే 2015 నవంబరు 7న కేంద్రం ఇచ్చిన ఉత్తర్వులో ఒక మెలిక ఉంది. అప్పటి నుంచి తన సొంత కోరిక మీద, గడువు పూర్తి కాకుండా డిశ్చార్జ్ తీసుకునేవాళ్ళకు ఈ ప్రయోజనం వర్తించదని అందులో రాశారు. దాని మీద కోర్టుల్లో వివాదాలు నడిచాయి. కానీ దరఖాస్తు రాసే జవానుకు ముందు తెలియాల్సింది ఆ మెలికే. మా పక్క మండలం కుర్రాడు ఒకడు పదహారో ఏడు నడుస్తుండగా తల్లికి ఒంట్లో బాగోలేదని ఇంటికి వచ్చేద్దామనుకున్నాడు. సొంత కోరిక మీద వెళ్ళడానికీ, ఇంకో ఏడాదికి పైగా ఆగి గడువు పూర్తి చేసుకుని వెళ్ళడానికీ ఇంత తేడా ఉంటుందని అతనికి తెలియదు. యూనిట్‌లో ఎవరూ దాచలేదు. అతను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. తల్లి కోసం వచ్చేయడమే సరైనదని అతను అనుకుంటే నేను కాదనను. తెలిసి చేయాలి, అంతే.

రెండోది వయసు. మాజీ సైనికులకు సర్వీసు కాలానికి మరో మూడేళ్ళు కలిపి వయసులో సడలింపు ఇస్తారని అందరికీ తెలుసు. దాన్ని నమ్ముకుని ఎప్పుడొచ్చినా ఫర్వాలేదని అనుకుంటారు. ప్రభుత్వ బ్యాంకుల కోసం ఐబీపీఎస్ పెట్టే క్లర్కు పరీక్షలో ఈ సడలింపుకు యాభై ఏళ్ళ పరిమితి ఉందన్న సంగతి చాలామంది చూసుకోరు. నలభై తొమ్మిదో ఏట బయటకొచ్చిన, హవల్దారు పై ర్యాంకులో ఉన్న జేసీవో సాబ్‌కు పరీక్ష రాసే అవకాశం ఒకటో రెండో. నలభై రెండులో వచ్చినవాడికి చాలా ఎక్కువ. ప్రభుత్వ బ్యాంకుల్లో క్లర్కు పోస్టుల్లో 14.5 శాతం, కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి పోస్టుల్లో 10 శాతం మాజీ సైనికులకు ఉన్నాయి. అవి అందుకునే వయసులో బయటకు రావడం, ర్యాంకు కోసం ఇంకా ఉండడం, ఈ రెంటిలో ఏది ఎక్కువ అన్నది ఒక్కొక్కరి ఇంటి పరిస్థితిని బట్టి ఉంటుంది. కూర్చోబెట్టి ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపించే మనిషి మాత్రం కావాలి.

మూడోది ఇంకా సున్నితమైనది. కేంద్ర ప్రభుత్వ కొలువుల్లో మాజీ సైనికుల కోటా ఒకసారి వాడుకుని చేరితే రెండోసారి ఆ కోటా ఉండదు. కానీ చేరేముందే వేరే ఉద్యోగాలకు దరఖాస్తు చేసి ఉంటే, చేరిన వెంటనే ఆ దరఖాస్తుల వివరాలన్నీ తేదీలతో రాసి ఆ ఆఫీసులో ఇచ్చుకుంటే, వాటికి హక్కు నిలుస్తుంది. ఒక్క కాగితం. అది రాసి ఇవ్వాలని తెలియక, చేతికొచ్చిన చిన్న ఉద్యోగంలో చేరిపోయి, ఆరు నెలల తరువాత వచ్చిన మంచి ఉద్యోగం వదులుకున్న మనిషి నాకు బాగా తెలుసు. ఆయన ఇప్పటికీ ఆ మాటెత్తితే మౌనంగా ఉండిపోతాడు.

పరీక్షల క్యాలెండర్ గురించి కూడా చెప్పాలి, ఇది పూర్తిగా మన రాష్ట్రాల చేతిలో ఉన్నది. గడువు పూర్తయ్యే ఏడాదిలో ఉన్న జవాను మాజీ సైనికుల కోటాలో దరఖాస్తు చేసుకోవచ్చు. యూనిట్ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకోవాలి. ఆంధ్రప్రదేశ్ గ్రూప్-2 నోటిఫికేషన్ 2023 డిసెంబరులో వచ్చింది. ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరి 25న, మెయిన్స్ 2025 ఫిబ్రవరి 23న జరిగాయి. మధ్యలో వాయిదాలు. తెలంగాణ గ్రూప్-1 సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో నోటిఫికేషన్, ఆ ఏడాది అక్టోబరులో రాసిన పరీక్ష రద్దు, 2023 జూన్‌లో మళ్ళీ రాసింది కూడా రద్దు, 2024 ఫిబ్రవరిలో కొత్త నోటిఫికేషన్. ఇంట్లో ఉండి చదువుకునే నిరుద్యోగికే ఇది నరకం. లేహ్‌లో పోస్టింగ్ ఉన్నవాడి సంగతి ఆలోచించండి. పరీక్ష తేదీ చూసి సెలవు అడుగుతాడు, విమానం సీటు దొరక్క టెన్షన్ పడతాడు, దిగేసరికి పరీక్ష వాయిదా. అతని సెలవు అయిపోయింది. మళ్ళీ పరీక్ష పెట్టేనాటికి యూనిట్ ఎక్సర్‌సైజులో ఉంటుంది. అలాంటివాడు "పరీక్ష రాసి వస్తాను" అనే ధైర్యంతో అన్‌విల్లింగ్ రాయలేడు. భయంతో ఎక్స్‌టెన్షన్‌కు సంతకం పెడతాడు. అది సైన్యం మీద ప్రేమతో పెట్టిన సంతకం కాదు. అలాంటి రెండేళ్ళు అతనికీ బరువే, యూనిట్‌కూ బరువే.

పరీక్ష వాయిదాలు మీ శాఖ చేతిలో లేవని నాకు తెలుసు. కానీ సర్వీస్ కమిషన్లకు ఉత్తరం రాయగలిగేది మీరే. మాజీ సైనికుల కోటాలో దరఖాస్తు చేసిన సర్వింగ్ జవానుకు పరీక్ష తేదీ కనీసం రెండు నెలల ముందు ఖాయంగా చెప్పమని అడగండి. సికింద్రాబాద్, విశాఖ లాంటి చోట్లే కాక, ఢిల్లీలో కూడా ఒక కేంద్రం పెట్టమని అడగండి. ప్రతి నోటిఫికేషన్ ముగిశాక మాజీ సైనికులకు ఎన్ని పోస్టులు ఉన్నాయో, ఎన్ని నిండాయో ప్రకటించమని అడగండి. రాష్ట్ర కొలువుల్లో మనకు ఉన్నది రెండు శాతం. ఆ రెండు శాతంలో నిజంగా ఎంతమంది చేరుతున్నారో తెలిస్తే, ఉండాలా రావాలా అనే కుర్రాడికి అంతకన్నా మంచి సమాచారం ఇంకొకటి ఉండదు.

చదువు, ట్రేడు సంగతి కూడా ఇంతే. పదో తరగతి పాసై, ఆర్మీ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ ఉండి, పదిహేనేళ్ళ సర్వీసు చేసినవాడిని డిగ్రీ అడిగే గ్రూప్-సి పోస్టులకు అర్హుడిగా తీసుకోవచ్చని కేంద్రం రూలు ఉంది, సాంకేతిక అనుభవం తప్పనిసరి కాని పోస్టులకు. మన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఒప్పందం చేసుకుని సైనికులకు బీఏ హెచ్‌ఆర్‌ఎం డిగ్రీ ఇస్తోంది, చాలామంది జవాన్లు తీసుకున్నారు. ఇవి రాష్ట్ర నోటిఫికేషన్లలో వేటికి చెల్లుతాయి, వేటికి చెల్లవు అన్నది జవానుకు సర్టిఫికెట్ల తనిఖీ రోజున కౌంటర్ దగ్గర తెలుస్తోంది. లైన్‌మన్‌గా ఇరవై ఏళ్ళు స్తంభాలెక్కి కేబుల్ లాగినవాడి డిశ్చార్జ్ బుక్కులో సమానమైన సివిల్ ట్రేడు రాసే ఉంటుంది. అయినా "ఐటీఐ సర్టిఫికెట్ ఏది?" అని అడిగి పంపేసిన చోట్లు ఉన్నాయి. ఇంజనీర్స్‌లో ఎక్స్‌కవేటర్ నడిపినవాళ్ళు, సైన్యంలో యంత్రాల మరమ్మతులు చూసే ఈఎంఈలో ట్యాంకు ఇంజన్లు విప్పి బిగించినవాళ్ళు ఇదే మాట విని వెనక్కి వచ్చారు. సర్వీసులో ఉండగానే తెలిస్తే ఆ కాగితాలేవో అప్పుడే సంపాదించుకుంటారు కదా. పదమూడో ఏట తెలిస్తే చాలు, ఇంకా టైం ఉంటుంది. డిశ్చార్జ్ అయ్యాక తెలిస్తే నలభై ఏళ్ళ మనిషి ఐటీఐ బెంచీ మీద కూర్చోవాలి.

ఇక పిల్లలు. నిజం చెప్పాలంటే ఈ నిర్ణయాల్లో సగం పిల్లల చదువు మీదే జరుగుతాయి. పదిహేడేళ్ళ సర్వీసు నాటికి పెద్దపిల్ల ఏడో ఎనిమిదో చదువుతూ ఉంటుంది. మన రాష్ట్రాల్లో 371-డి అధికరణం కింద స్థానికత రూల్సు ఉన్నాయి. వృత్తి విద్యా కోర్సుల్లో 85 శాతం సీట్లు స్థానికులకు. స్థానికత రావాలంటే అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్ళు ఇక్కడ చదవాలి, అంటే మామూలుగా తొమ్మిది నుంచి ఇంటర్ దాకా. అందుకే మిలిటరీ కుటుంబాల్లో "పిల్ల తొమ్మిదికి వచ్చేలోపు ఇంటికి చేరాలి" అనుకుంటారు. తెలంగాణ ఉద్యోగాలకు 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ఇంకోలా ఉంది. ఒకటి నుంచి ఏడో తరగతి వరకు చదివిన చోటు చూస్తారు, 95 శాతం పోస్టులు స్థానికులకు. అంబాలాలో, జలంధర్‌లో, గువాహటిలో కేంద్రీయ విద్యాలయాల్లో ఆ ఏడు క్లాసులూ చదివిన జవాను పిల్లాడి పరిస్థితి ఏమిటి? ఎంసెట్ పేరు మారి ఈఏపీసెట్ అయినా సీఏపీ కోటా (సైనికుల పిల్లల కోటా) ఉంది, కొన్ని కోర్సుల్లో సైనికుల పిల్లలకు వెసులుబాట్లూ ఇచ్చారు. ఏది ఎక్కడ వర్తిస్తుందో, దేనికి ఏ ఆఫీసు నుంచి ఏ సర్టిఫికెట్ తేవాలో తెలుగులో ఒక్క చోట రాసి జవాను చేతిలో పెట్టినవాళ్ళు లేరు. తండ్రి దేశం సరిహద్దులో ఉన్నందుకు పిల్ల సొంత జిల్లాలో నాన్‌లోకల్ అవడం న్యాయం కాదు. ఈ ఒక్క విషయంలో రెండు ప్రభుత్వాలూ స్పష్టమైన, శాశ్వతమైన మినహాయింపు ఇవ్వాలని మీ శాఖలు గట్టిగా పట్టుబట్టాలి. పిల్లల స్థానికత భయం లేకపోతే ఎంతోమంది మంచి హవల్దార్లు ఇంకొన్నాళ్ళు నిశ్చింతగా సర్వీసులో ఉంటారు.

తెలుగులో అన్నాను కదా, దాని గురించి ఇంకొక్క మాట. యూనిట్ దర్బారులో, అంటే అందరినీ కూర్చోబెట్టి మాట్లాడే సమావేశంలో, ఇవన్నీ హిందీలో చెబుతారు. మన కుర్రాళ్ళకు హిందీ వచ్చేస్తుంది. కానీ ఈ నిర్ణయం జవాను ఒక్కడిదే కాదు. ఊళ్ళో అత్తమామల్ని చూసుకుంటూ, పిల్లల్ని ఒంటి చేత్తో పెంచుతున్న భార్యకు ఇందులో సగం వాటా ఉంది. ఆమెకు ఫోన్‌లో "ఎక్స్‌టెన్షన్ తీసుకుంటున్నా" అన్న మాట ఒక్కటే తెలుస్తుంది. పెన్షన్ ఎంత, ఓఆర్‌ఓపీ ఏమిటి, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత ముందే ఒకేసారి తీసుకోవడం) తీసుకుంటే నెలనెలా ఎంత తగ్గుతుంది, ఆ తగ్గింది పదిహేనేళ్ళ తరువాత కానీ తిరిగి రాదన్నది ఆమెకు ఎవరు చెబుతారు? ఇల్లు కట్టుకోవడానికి సగం పెన్షన్ కమ్యూట్ చేసి, తరువాత చేతికొచ్చే డబ్బు చూసి ఏడ్చిన ఇల్లాళ్ళు ఉన్నారు. ముందు తెలిసి ఉంటే ఒక గది తక్కువ కట్టుకునేవాళ్ళం అని ఒకావిడ మా ఇంట్లోనే అంది.

మళ్ళీ యూనిఫాం వేసుకునే దారి కూడా ఒకటుంది. డిఫెన్స్ సెక్యూరిటీ కోర్ (డీఎస్‌సీ). కన్నూరులో సెంటర్. పెన్షన్ వచ్చాక మళ్ళీ భర్తీ కావొచ్చు. చాలామంది హవల్దార్లు కూడా అక్కడ మళ్ళీ సిపాయిగానే మొదలుపెడతారు, డిపోల దగ్గర, ఫ్యాక్టరీల దగ్గర కాపలా డ్యూటీ. జీతం బాగానే ఉంటుంది. రెండో పెన్షన్ కావాలంటే అక్కడ కూడా పదిహేనేళ్ళు నిండాలి. నలభై రెండేళ్ళవాడికి ఇది మంచిదే కావొచ్చు. నలభై ఐదు దాటినవాడికి ఆ పదిహేనేళ్ళు నిండుతాయో లేదో చేరేముందే లెక్క వేసి చూపాలి.

ఇవేవీ కుదరనివాళ్ళు సెక్యూరిటీ గార్డులవుతున్నారు. మాజీ సైనికుల పునరావాసం చూసే కేంద్ర సంస్థ డీజీఆర్ ద్వారా వచ్చే గార్డు పోస్టులకు వేతనం నిర్ణయించి ఉంటుంది. బయట ఏజెన్సీలు మాత్రం "నీకు పెన్షన్ ఉంది కదా" అని జీతం తగ్గిస్తాయి. పెన్షన్ అతను చేసిన పనికి వచ్చింది. ఈ పని వేరు, ఈ జీతం వేరు. ఇరవై ఏళ్ళు రేడియో సెట్లు, జనరేటర్లు నడిపిన మనిషి ఇవాళ హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ గేటు దగ్గర రిజిస్టర్ రాస్తున్నాడు. ఆ పని తక్కువదని నేను ఎన్నడూ అనను. అది అతను కోరుకున్నది కాకపోవడం నాకు బాధ. అతని చేతిలో ఉన్న విద్య ఏ ఆఫీసు కంటా పడకుండానే పోయింది.

అగ్నివీరుల గురించి కూడా రాయాలి. 2022లో వచ్చిన అగ్నిపథ్‌లో నాలుగేళ్ళకే ఈ ప్రశ్న వస్తుంది. నాలుగో వంతు మంది వరకే రెగ్యులర్ అవుతారు. మిగతావాళ్ళు సుమారు 11.71 లక్షల సేవానిధితో (ఒకేసారి చేతికిచ్చే మొత్తం), పెన్షన్ లేకుండా, ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళకు ఇంటికొస్తారు. మాకు పదిహేనేళ్ళ తరువాత వచ్చిన సందిగ్ధం ఆ పిల్లలకు మీసాలు సరిగ్గా రాకముందే వస్తోంది. వాళ్ళను మీ లెక్కలో చేర్చుకోవాలా వద్దా అనే రూల్సు తేలేదాకా ఆగకండి. వాళ్ళకూ మీ తలుపు తెరిచి ఉంచండి.

మీరు చేయగలిగిందేమిటో నా మనసులో ఉన్నది చెబుతాను. మీ దగ్గర సిబ్బంది తక్కువని, ఒక్కో జిల్లా ఆఫీసు మీద ఎంత పని ఉందో నాకు తెలుసు. నేను పెద్ద పథకం అడగడం లేదు. పన్నెండో సర్వీసు ఏడు దాటిన తెలుగు జవాన్ల జాబితా కోసం రికార్డ్ ఆఫీసులకు రాయండి. జబల్‌పూర్‌లో సిగ్నల్స్ రికార్డ్స్, నాసిక్ రోడ్‌లో ఆర్టిలరీ, సికింద్రాబాద్‌లోనే ఈఎంఈ, బెంగళూరులో మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ (ఎంఈజీ), వెల్లింగ్టన్‌లో మద్రాస్ రెజిమెంట్. మనవాళ్ళు ఎక్కువగా ఉండేది వీటిలోనే. పేర్లు ఇవ్వడానికి భద్రత అడ్డొస్తే, మీరు తయారుచేసిన సమాచారం వాళ్ళ ద్వారానే జవానుకు చేర్చమనండి. ఆ సమాచారంలో పైన నేను రాసినవన్నీ తెలుగులో, రాష్ట్రం రూల్సుతో సహా ఉండాలి. ఏటా మారినవి మార్చాలి.

ఇంకొకటి, మీ ఆఫీసుల సెలవులు. జవాన్లు ఊళ్ళో ఎక్కువగా ఉండేది సంక్రాంతికి, దసరాకు. తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం లాంటి ఊళ్ళో ఆ వారం ఇంటికొక జవాను కనిపిస్తాడు, మా జిల్లాలోనూ అంతే. సరిగ్గా అప్పుడే మీ ఆఫీసుకు తాళం ఉంటుంది. పండుగ రోజు తెరవమని అడగను, అందరికీ ఇళ్ళున్నాయి. భోగికి ముందు రెండు రోజులు, కనుమ తరువాత రెండు రోజులు ప్రతి జిల్లాలో భార్యాభర్తలిద్దర్నీ పిలిచి కూర్చోబెట్టండి. సర్వీసులో ఉన్నవాళ్ళకు మాత్రమే అని చెప్పండి, లేకపోతే మేమంతా వచ్చి మా పెన్షన్ సమస్యలతో ఆ సమయం తినేస్తాం. మా సమస్యలకు వేరే రోజులున్నాయి.

అక్కడ కూర్చుని చెప్పడానికి మనుషులు కావాలంటే మేమున్నాం. బ్యాంకుల్లో, రైల్వేలో, డీఎస్‌సీలో, సొంత షాపుల్లో స్థిరపడ్డ మాజీ సైనికులు ప్రతి జిల్లాలో ఉన్నారు. వచ్చేసి బాగుపడ్డవాళ్ళు, ఉండిపోయి బాగుపడ్డవాళ్ళు, రెండు రకాలవాళ్ళూ ఉంటారు. జీతం అడగం. మా జిల్లాలో నాతో పాటు ఇంకొందరు ఇప్పటికే ఒప్పుకున్నారు. మీ వైపు నుంచి ఒక గది, ఒక ఫోన్ నంబరు, రాష్ట్రం రూల్సు తెలిసి మేం తప్పు చెబితే సరిదిద్దే ఒక ఉద్యోగి చాలు. సెలవుకు రాలేని జవాను వాట్సాప్‌లో అడిగినా ఆ నంబరు నుంచే జవాబు వెళ్ళాలి.

వచ్చే సంక్రాంతికి మొదలుపెడదామంటే తేదీలు చెప్పండి, వచ్చేస్తాం.

జైహింద్.

ఇట్లు,
రిటైర్డ్ హవల్దారు, కోర్ ఆఫ్ సిగ్నల్స్,
శ్రీకాకుళం జిల్లా